ఓడ మీద మూడు రాత్రులు, ఒక ఖాళీ గడి

మా ఇంట్లో సెలవు అంటే సాంచా ఆగిన రోజు. కరెంటు పోతే సెలవు. భీమ్ అయిపోయి కొత్తది ఎక్కేదాకా సెలవు. దగ్గరివాళ్ళు ఎవరైనా పోతే సెలవు. దీపావళికి నాలుగు రోజులు, నారళీ పున్నమికి మార్కండేయ రథం ఊరేగే రోజు ఒకటి. ఇవి తప్ప మా బాపు తన డెబ్బై నాలుగేళ్ళలో "ఇవాళ ఏం చేద్దాం" అని కూర్చుని ఆలోచించిన పొద్దు లేదు. అందుకే 2023లో ఆయనను మూడు రాత్రులు ఓడ మీదికి తీసుకుపోవాలని అనుకున్నప్పుడు టికెట్ల డబ్బుల కన్నా పెద్ద చిక్కు ఒకటి ఎదురొచ్చింది. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పడుకునేదాకా అక్కడ ఆయన ఏం చేస్తాడు?

మేం షోలాపూర్ తూర్పు భాగం వాళ్ళం. మరాఠీలో పూర్వ భాగ్ అంటారు. నిజాం రాజ్యంలోని ఊళ్ళ నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలీల పేటలివి. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు, ఇప్పుడు అందరూ జునీ మిల్ అనేది, మొదలైంది. మా ముత్తాత ఆ మిల్లులో పని చేశాడని చెప్పుకుంటారు. తాత చేతిమగ్గం నేశాడు. బాపు, కాకా కలిసి ఎనిమిది సాంచాల కార్ఖానా పెట్టి జకార్డు చాదర్లు నేయించారు, తామూ నేశారు. మా వీధిలో దుకాణాల బోర్డులు మరాఠీలో ఉంటాయి, తిట్లు మాత్రం ఇప్పటికీ తెలుగులోనే వినిపిస్తాయి. ఆడవాళ్ళు గడపలో చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. మా అమ్మ కూడా అంతే. రోజుకు వెయ్యి బీడీలు చుట్టి, ఆకులు కత్తిరిస్తూనే నాకు లెక్కలు నేర్పింది.

అమ్మా బాపుల పెళ్ళి 1973లో, అంటే 72 కరువు ఇంకా తెరిపి ఇవ్వని రోజుల్లో అయింది. పెళ్ళి భోజనంలో జొన్నరొట్టె తప్ప ఏమీ లేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. యాభై ఏళ్ళు నిండుతున్నాయని అన్న ఫంక్షన్ హాలు మాట్లాడబోయాడు. "మూడు వందల మందికి అన్నం పెట్టి, మనం తినకుండ ఇంటికొస్తం. గా పైసలతోని ఏడికన్న పోదం," అంది అమ్మ. ఆమె నోట "ఏడికన్న" అనే మాట రావడం మేం వినడం అదే మొదటిసారి. ఓడ మాట తెచ్చింది పద్నాలుగేళ్ళ మా మేనకోడలు. ఫోన్‌లో చూపించింది. కార్డీలియా వాళ్ళ ఎంప్రెస్. 1990లో ఫ్రాన్సులో కట్టిన ఓడ, 210 మీటర్ల పొడవు, పదకొండు అంతస్తులు. 2021 సెప్టెంబరు నుంచి ముంబైలో తిరుగుతోంది. డిసెంబరులో మూడు రాత్రుల ప్రయాణం. సాయంత్రం ముంబైలో బయలుదేరి, ఒక రోజంతా సముద్రం మీదే ఉండి, మూడో రోజు గోవాలో ఆగి, నాలుగో రోజు పొద్దున మళ్ళీ ముంబై.

మొత్తం పదకొండు మందిమి. షోలాపూర్ నుంచి అమ్మ, బాపు, అన్న, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు. పుణె నుంచి నేను, మా ఆయన, మా అమ్మాయి. భివండి పద్మానగర్ నుంచి కాకా, చిన్నమ్మ. ప్లాన్ రాసే పని నా మీద పడింది. ఆడబిడ్డ రాస్తే ఎవరూ కాదనరని అన్న లెక్క.

ముందు భయాలు తీర్చాలి. ఓడ అనగానే ఎదురింటి ముసలాయన రామదాస్ కథ ఎత్తాడు. 1947 జులై 17న ముంబై భావుచా ధక్కా నుంచి రేవస్‌కు బయలుదేరిన రామదాస్ స్టీమరు వానలో మునిగి ఆరు వందల మందికి పైగా చనిపోయారు. మహారాష్ట్రలో పాత తరానికి ఓడ అంటే ఇప్పటికీ అదే. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. అది వానాకాలం, ఇది డిసెంబరు, అప్పటి స్టీమరు వేరు, ఇది వేరు అని చెప్పాను. ఓడ కదలకముందే అందరినీ ఒకచోట నిలబెట్టి, ప్రమాదం వస్తే ఎటు పోవాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో నేర్పిస్తారని కూడా చెప్పాను. "అయితే గది రాయి అందరికంటె మొదలు," అంది. అలా నా ప్లాన్‌లో మొదటి వరుస ఆ డ్రిల్లు అయింది.

తరువాత రైలు. పొద్దున ఆరింటికి వందే భారత్ ఎక్కితే పన్నెండున్నరకు ముంబైలో దిగొచ్చు. అక్కడి నుంచి బలార్డ్ పియర్ టాక్సీలో పావుగంట. బాపు ఒప్పుకోలేదు. "రైలు ఆలిశమైతే రైలు మీద కోపం చెయ్యొచ్చు. ఓడ మన కోసం ఆగదు." ఆ మాట నిజమే. అందుకని రాత్రి సిద్ధేశ్వర్‌కు ఎక్కి, తెల్లవారి ముంబైలో దిగి, చుట్టాలింట్లో స్నానాలు చేసి, భోంచేసి ఓడ దగ్గరికి పోవడం ఖాయమైంది. వయసు మళ్ళినవాళ్ళను తీసుకుపోయేవాళ్ళకు నేనూ ఇదే చెబుతాను. మధ్యలో ఒక పూట ఖాళీగా ఉండాలి. ఆ ఒక్క పూటతో ఎవరి గుండె దడదడలాడదు.

ఆ తరువాత అసలు ప్లాన్. బాపు పాత జమాఖర్చు పుస్తకంలో వెనక పేజీలు తీసుకుని గీతలు గీశాను. నిలువుగా రోజులు, అడ్డంగా గంటలు. మనకు తెలిసిన లెక్క పాళీల లెక్క కాబట్టి పొద్దటి పాళీ, పగటి పాళీ, రాత్రి పాళీ అని రాసుకున్నాను. ఆరింటికి నడక. ఏడున్నరకు నాష్తా. తొమ్మిదికి పిల్లలకు ఈత. పదకొండుకు ఆటలు. ఒంటి గంటకు భోజనం. మూడింటికి మ్యాజిక్. అయిదింటికి చాయ్. ఏడింటికి భోజనం. తొమ్మిదికి నాటకశాలలో షో. మూడు పేజీలు నిండాయి. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. మా ఆయన చూసి, "ఆఫీసులో మాకు కూడా ఇంత పని ఉండదు," అన్నాడు.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. ఆ గళ్ళన్నీ అలా నింపింది సరదా కోసం కాదు. బాపు ఎక్కడ ఉంటే కాకా అక్కడ ఉండకుండా రాశాను. బాపు నడకకు పోయే గంటలో కాకాకు నాష్తా. కాకా షోకు పోయే గంటలో బాపుకు నిద్ర. ఒక రకంగా నేను రాసింది సెలవు కాదు, కాపలా.

2014లో కార్ఖానా పంచుకున్నారు. ఎనిమిది సాంచాలు, నాలుగు నాలుగు. షెడ్డు మధ్యలో గోడ లేచింది. చాదర్లకు గిరాకీ తగ్గిన రోజులు, మీద అప్పులు. ఏడాది తిరగకుండానే కాకా తన నాలుగు సాంచాలు అమ్మేసి కొడుకు దగ్గరికి భివండి వెళ్ళిపోయాడు. నడిచే సాంచాలుగా కొనేవాడు దొరకలేదు. తుక్కువాడు వచ్చి కిలోల లెక్కన కొనుక్కుని, సుత్తులతో విరగ్గొట్టి టెంపోలో వేసుకుపోయాడు. గోడకు ఇవతల బాపు తన సాంచాలు ఆపకుండా నడుపుతూనే ఉన్నాడట, ఆ సుత్తి దెబ్బలు వినిపించకుండా. ఆ సాయంత్రం బాపు ఒక మాట అన్నాడు, కాకా ఒక మాట అన్నాడు. ఆ మాటలు ఇక్కడ రాయను. ఆ తరువాత పెళ్ళిళ్ళకు, చావులకు ఇద్దరూ వచ్చేవారు. పందిట్లో ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర. తొమ్మిదేళ్ళు అలాగే గడిచాయి.

కాకాను పిలవాల్సిందే అన్నది అమ్మ. తన పెళ్ళిలో ఆయన పద్దెనిమిదేళ్ళ మరిది, పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచినవాడు. బాపు కాదనలేదు, అవుననలేదు. మా ఇంట్లో దాన్ని అవును కిందే లెక్కేసుకుంటాం.

ప్లాన్ పూర్తయ్యాక అమ్మకు చదివి వినిపించాను. ఆమె బీడీ చేట పక్కన పెట్టి విన్నది.

"గడియ గడియకు ఏదో ఒకటి రాసినవు. గిది సెలవా, పాళీయా?"

"ఊరికే కూసుంటే బాపుకు తోచదు గదనే అమ్మా."

"బాపు గురించి గాదు. ఇద్దరినీ ఒక్కకాడ కూసోనియ్యొద్దని జూస్తున్నవు. నాకు ఎరుక లేదా?"

దొరికిపోయాను. "కొట్లాడుకుంటే ఏం జేద్దమే? పోయేది సముద్రం మీదికి. అలిగి ఇంటికి పోదామన్నా పోలేం."

"కొట్లాడుకుంటే మాట్లాడుకున్నట్టే గద బిడ్డా. తొమ్మిదేండ్ల సంది గదన్న లేకపాయె," అంది అమ్మ. కాసేపు ఆగి, "మనోళ్ళు పని ఎనుక దాసుకుంటరు. పని లేకుంట జెయ్యి. అప్పుడు ఏం జేస్తరో జూద్దాం," అంది.

మళ్ళీ మొదటి నుంచి కూర్చున్నాను. ఈసారి గంటలు రాయలేదు. ఒక్కొక్కరిని ఒకే ప్రశ్న అడిగాను. ఈ మూడు రోజుల్లో ఏ ఒక్కటి జరగకపోతే నీకు మనసులో కొరత ఉంటుంది? అందరినీ అడిగాక అర్థమైంది, నేను రాసిన మూడు పేజీల్లో వాళ్ళకు కావలసినవి సగం కూడా లేవని.

వదిన, "పొద్దుగాల ఎనిమిదింటిదాకా ఎవరూ లేపొద్దు," అంది. పెళ్ళయి పదిహేడేళ్ళు, ఆమెకు ఆ ముచ్చట తీరలేదని మాకు తట్టనే లేదు. అన్నకు ఫోన్ మోగకూడదు. చిన్నమ్మకు సముద్రం మీద పొద్దు పొడవడం చూడాలి. పిల్లలకు ఈత, గోడ ఎక్కే ఆట. అమ్మకు, ఎవరో వండింది కూర్చుని తినాలి, మధ్యలో వడ్డించడానికి లేవకూడదు. బాపుకు ఓడ మిషన్ చూడాలి. ప్రయాణికులను అక్కడికి రానివ్వరని చెబితే, "కనీసం దాని సప్పుడు ఇనాలె," అన్నాడు.

కాకాకు ఫోన్ చేశాను. ప్రశ్న విని చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అన్న ఏమన్నడు?" అని అడిగాడు. మిషన్ సప్పుడు వినాలన్నాడని చెప్పాను. "నాకు గూడ గదే రాసుకో," అని పెట్టేశాడు.

కొత్త ప్లాన్ ఒక్క పేజీకి దిగింది. రోజుకు రెండే పనులు, అందరూ కలిసేది ఒక్క రాత్రి భోజనం. మిగతా గళ్ళు తెల్లగా వదిలేశాను. మూడో రోజు, గోవాలో ఓడ ఆగే రోజు, పగలు మొత్తం ఒకే పెద్ద గడి. అందులో ఎవరికి ఇష్టమైతే వాళ్ళు దిగాలి అని రాశాను. కిందికి దిగనివాళ్ళకు ఏమి అన్నచోట ఏమీ రాయలేదు.

కొన్ని సంగతులు ముందే చూసుకోవడం మంచిదైంది. గదులు నడిమి భాగంలో, కింది అంతస్తులో తీసుకున్నాం, అక్కడ ఊపు తక్కువ. కిటికీ లేని గది చవక, కానీ అమ్మా బాపులకు, కాకా వాళ్ళకు సముద్రం కనిపించే గదులే తీసుకున్నాం. కిటికీ లేకపోతే తెల్లవారిందో లేదో తెలియదు. వాంతులకు మందు డాక్టరును అడిగి రాయించుకున్నాం, అల్లం ముక్కలు పెట్టుకున్నాం. వండిన తిండి ఓడ మీదికి తేవద్దన్నారు కాబట్టి కడక్ భాకరీ, శేంగా చట్నీ రైలుకే సరిపెట్టాం. అవి లేకుండా మూడు రోజులు ఎలా అని బాపు కన్నా మా ఆయనే ఎక్కువ బాధపడ్డాడు. భోజనానికి రెండు విడతలు ఉంటాయి, మేం ముందు విడత అడిగి తీసుకున్నాం. ఏడింటికి తినే అలవాటు ఉన్నవాళ్ళను తొమ్మిదిదాకా కూర్చోబెడితే ఏ ప్లానూ నిలవదు.

ఓడ ఎక్కాం. డ్రిల్లులో అమ్మ అందరికన్నా ముందు వరుసలో నిలబడి లైఫ్ జాకెట్ రెండుసార్లు కట్టి విప్పి చూసింది. ఒడ్డు దీపాలు సన్నబడ్డాక ఫోన్లు మూగబోయాయి. అన్న మొహంలో అంత నెమ్మది నేను చాలా ఏళ్ళకు చూశాను.

మొదటి రాత్రి భోజనం నేను భయపడినట్టే జరిగింది. పొడవాటి బల్ల, ఈ చివర బాపు, ఆ చివర కాకా. హాలు నిండా జనం, పాటలు, పళ్ళాల చప్పుడు. బాపుకు చెవులు సరిగ్గా వినిపించవు. యాభై ఏళ్ళు సాంచాల మోతలో నిలబడ్డ చెవులవి. మా పేటలో ముసలి నేతగాళ్ళు చాలామంది అంతే, అందుకే మా ఇళ్ళలో మామూలు మాటలు కూడా బయటివాళ్ళకు కొట్లాటలాగా వినిపిస్తాయి. చెవి మిషన్ ఉంది కానీ జనం మధ్యన అన్ని చప్పుళ్ళూ ఒకేసారి మోగుతాయని జేబులో వేసుకుంటాడు. అందరూ నవ్వినప్పుడు నవ్వుతూ, ఎందుకో తెలియక కూర్చున్నాడు. ఆయనకు ఎక్కడ వినిపిస్తుందో, ఎక్కడ వినిపించదో చూసి ప్లాన్ రాయాలని నాకు ఆ రాత్రి దాకా తట్టలేదు. అమ్మకు కడుపులో తిప్పి గదిలోకి వెళ్ళిపోయింది. ఎవరితో ఎవరూ మాట్లాడలేదు.

తెల్లారి నాలుగున్నరకు బాపు అలవాటు ప్రకారం లేచి ఒంటరిగా బయటికి పోయాడు. తిరిగి వచ్చే దారి తెలియలేదు. అన్ని వరండాలూ ఒక్క తీరే, అన్ని తలుపులూ ఒక్క తీరే. కాకా ఎదురుపడి గది దాకా తోడొచ్చాడట. మాట లేదు. ముందు కాకా, వెనక బాపు నడిచారట. నాష్తా దగ్గర చిన్నమ్మ చెబితే తెలిసింది. ఆ రోజే వదిన తన జడకు కట్టుకున్న ఎర్ర రిబ్బను సగం కోసి గది తలుపు పిడికి కట్టింది.

రెండో రోజు, సముద్రం మీది రోజు. మొదటి ప్లాన్ అయితే ఆ రోజుకు పదకొండు పనులు ఉండేవి. ఇప్పుడు రెండే. పిల్లలు ఈతకు పోయారు. వదిన పది దాకా పడుకుంది. బాపు, మా ఆయన కింది అంతస్తులో మెట్ల దగ్గర నిలబడి గోడకు అరచేయి ఆనించి మిషన్ సప్పుడు "విన్నారు". చెవికి అందనిది చేతికి అందుతుంది. "ముప్పై సాంచాలంత ఉంటది," అని తేల్చాడు బాపు. మధ్యాహ్నం కాకా ఒక్కడే పోయి అక్కడే చేయి పెట్టి నిలబడటం నేను చూశాను. అమ్మ పైన కుర్చీలో కూర్చుని కాగితం నాప్కిన్లు ఒక్కొక్కటి తీసి బీడీల్లాగా చుట్టింది. ఖాళీగా కూర్చోవాలని ఆమె అనుకుంది, చేతులు ఒప్పుకోలేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర మళ్ళీ అదే బల్ల, అదే గోల. సగం తిన్నాక కాకా తల ఎత్తి బాపు వైపు చూశాడు. బొటనవేలు పెదవులకు ఆనించి, తలతో తలుపు వైపు సైగ చేశాడు.

అది సాంచాల భాష. కార్ఖానాలో ఎనిమిది సాంచాలు మోగుతుంటే పక్కవాడి మాట కూడా వినిపించదు, అందుకని చేతులతో మాట్లాడుకునేవారు. రెండు వేళ్ళు విరిచినట్టు చూపిస్తే పోగు తెగిందని. అరచేయి అడ్డంగా ఊపితే సాంచా ఆపమని. భుజం మీద రెండుసార్లు తడితే సేటు వచ్చాడని. బొటనవేలు పెదవికి పెడితే, చాయ్‌కి పోదామా అని. చిన్నప్పుడు నేను డబ్బా పట్టుకుపోయినప్పుడల్లా చూసిన సైగలే. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ చేయనివి.

బాపు చూశాడు. మా అందరి చేతులు పళ్ళాల మీద ఆగిపోయాయి. ఆయన చూపుడు వేలు గాలిలో గుండ్రంగా రెండుసార్లు తిప్పాడు. కండె అయిపోనీ అని. పళ్ళెంలో మిగిలిన పెరుగన్నం నిదానంగా తిని, చేయి కడుక్కుని లేచాడు. ఇద్దరూ బయటికి నడిచారు. తొమ్మిదేళ్ళ మా మేనల్లుడు, "తాత ఏమన్నడు? నాకు నేర్పు," అని నా చెయ్యి పట్టి గుంజాడు. నేను చెప్పలేకపోయాను. గొంతు పెగల్లేదు.

మూడో రోజు గోవాలో, మార్మగోవా రేవులో ఓడ ఆగింది. ఎనిమిది మందిమి దిగి మంగేషీ గుడికి పోయి, చేపల కూరతో అన్నం తిని వచ్చాం. అమ్మ, బాపు, కాకా దిగలేదు. ఇది అనుభవం మీద చెబుతున్నాను. ఓడ ఊరిలో ఆగిన రోజే ఓడ మీద అన్నిటికన్నా నిశ్శబ్దంగా ఉంటుంది. జనమంతా కిందికి పోతారు, పాటలు ఆగుతాయి. పైన కుర్చీలన్నీ ఖాళీ. వినికిడి తగ్గినవాళ్ళకు, గోల పడనివాళ్ళకు అంతకన్నా మంచి చోటు, మంచి పూట ఉండదు.

మేం తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఇద్దరూ పక్కపక్కన కుర్చీల్లో కూర్చుని ఉన్నారు, మధ్యలో రెండు చాయ్ కప్పులు. ఏం జరిగిందని అమ్మను అడిగాను. "మొదలు కొట్లాడిండ్రు. తర్వాత చాయ్ తాగిండ్రు," అంది. అంతకుమించి ఆమె ఇప్పటిదాకా చెప్పలేదు. షోలాపూర్ వచ్చాక ఒక రోజు బాపే చెప్పాడు. "సాంచాలు కిలో ఎంతకు పోయినయని అడిగిన. చెప్పిండు. నేనైనా గంతకే అమ్మేది."

తొమ్మిదేళ్ళుగా ఆ ఒక్క ప్రశ్న ఆయన అడగలేదు. అడగడానికి టైము లేక కాదు. టైము నిండా ఏదో ఒకటి ఉండేది.

అన్నీ సర్దుకున్నాయని రాయను. గోడ అలాగే ఉంది. కాకా వాటా షెడ్డు ఏం చేయాలో ఇంకా తేలలేదు, దాని మీద మళ్ళీ మాటలు పడతాయి కూడా. కానీ 2024 ఆగస్టు 19న, నారళీ పున్నమికి, కాకా మార్కండేయ రథానికి వచ్చినప్పుడు చుట్టాలింట్లో కాదు, మా ఇంట్లోనే దిగాడు. నాలుగు రోజులున్నాడు. వీడియో కాల్‌లో కూడా ఇప్పుడు ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఫోన్ గట్టిగా పెట్టే పని లేదు, ఎవరికీ ఏమీ వినిపించదు, ఇంట్లో గోల తగ్గింది. మా మేనల్లుడికి పన్నెండు సైగలు వచ్చు. మిగతావి మీలో ఎవరికైనా గుర్తుంటే, ఇంటికి వచ్చినప్పుడు వాడికి నేర్పండి.

మన ఇంటివాళ్ళు ఎవరైనా మళ్ళీ ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే నేను చెప్పేది కొంచెమే. ఓడ ఎక్కే రోజుకు ముందు ఒక పూట చేతిలో ఉంచుకోండి. ఒక్కొక్కరిని ఆ ఒక్క ప్రశ్న అడగండి, వచ్చిన జవాబులను ముందు రాయండి. రోజుకు రెండు పనులు చాలు. ఒక భోజనం అందరూ కలిసి తినండి. పెద్దవాళ్ళకు ఎక్కడ వినిపిస్తుందో చూసుకోండి. తలుపు పిడికి ఎర్ర రిబ్బను కట్టండి. మిగతా గళ్ళు వదిలేయండి.

ఆ కాగితం ఇంకా జమాఖర్చు పుస్తకంలోనే ఉంది. నిన్న తీసి చూస్తుంటే అమ్మ వచ్చింది. వచ్చే ఏడు చార్‌ధామ్ పోదామని అన్న అంటున్నాడు, ప్లాన్ రాయమంటావా అని అడిగాను.

"రాయి," అంది అమ్మ చేట దగ్గరికి లాక్కుంటూ. "గని పుస్తకం చిన్నది తీస్కో."